ముప్పై నాలుగు అంగలు

భర్త వెనక పరుగెత్తడమే కాపురమని ఆమె చాలా ఏళ్లు అనుకుంది. ఇదేదో మాటవరసకు అంటున్నది కాదు, నిజంగానే పరుగెత్తేది. బజారుకు వెళ్లినా, ఆసుపత్రికి వెళ్లినా, చుట్టాలింటికి వెళ్లినా ఆయన పదడుగులు ముందు, ఈమె పదడుగులు వెనక. ఆయన మంచి పొడగరి. ఒక్కో అంగ వేశాడంటే మామూలు మనిషి అడుగున్నర. "ముందర ఎవరైనా ఏమైనా పంచిపెడుతున్నారా? కాస్త ఆగకూడదూ?" అని వెనకనుంచి కేకేస్తే ఆగేవాడు. పాపం, ఆగడానికేం అభ్యంతరం లేదు. ఈమె వచ్చి కలుసుకోగానే మళ్లీ బయలుదేరేవాడు. ఈమె ఆయాసం తీరేలోపల మళ్లీ పదడుగుల దూరం.

ఊళ్లో ఆయన్ని అంగలాయన అనేవాళ్లు. నీళ్ల శాఖలో వాల్వులు తిప్పే ఉద్యోగం. ఏ వీధికి ఎప్పుడు నీళ్లు వదలాలో ఎప్పుడు కట్టాలో ఆయన చేతిలో ఉండేది. నేల కింద పైపుల పటం ఆఫీసులో ఒకప్పుడు ఉండేదట, ఏదో వానాకాలంలో తడిసి ముద్దయిపోయిందట. రోడ్డు మీద తారు పోసినప్పుడల్లా వాల్వుల మూతలు కిందికి పోతాయి, పైన ఆనవాలు మిగలదు. అందుకని వాల్వు మనుషులకు తరతరాలుగా ఒక పద్ధతి ఉంది. ఫలానా గోడ మూల నుంచి ఇన్ని అంగలు, ఫలానా స్తంభం నుంచి అన్ని అంగలు అని ఎవరి పుస్తకంలో వాళ్లు రాసుకుంటారు. ఒకరి పుస్తకం ఇంకొకరు అడగరు. ఇచ్చినా ఉపయోగం ఉండదు, ఎవరి కాళ్లు వాళ్లవి.

ఆమెకు గలగల అని పేరు. ఆ పేరు పెట్టింది ఆయనే. "మా ఆవిడ మాట ఆగిందంటే పైపులో గాలి చేరిందన్నమాట" అని నలుగురిలో అనేవాడు. ఆమె మూతి ముడిచేది, మరునిమిషంలో మళ్లీ అందుకునేది. కుట్టుమిషను దగ్గర కూర్చుని చీకటి పడేదాకా చొక్కాలకు బొత్తాములు కుట్టే మనిషి, చెప్పడానికి కబుర్లకు కొదవేం ఉంటుంది?

ఆయన పోయి మూడేళ్లయింది. ఒక జ్వరం, నాలుగు రోజుల ఆసుపత్రి, అంతే. అక్కడ కూడా ముందే నడిచి వెళ్లిపోయాడు. ఈసారి కేకేసినా ఆగలేదు.

ఇంట్లో ఇప్పుడు ఇద్దరే. ఈమె, ఈమె వదిన. వదిన అంటే అంగలాయనకు అక్క, వయసు అరవై దాటింది, మోకాళ్లు అరిగాయి గానీ నాలుకకు ఇంకా పదును తగ్గలేదు. తమ్ముడి గురించి ఆవిడకు ఒకే ఒక్క ఫిర్యాదు, అది యాభై ఏళ్ల నాటిది. "బడికి నన్ను తోడిచ్చి పంపితే, వాడు వెళ్లి బెంచీలో కూర్చున్నాక నేను గేటు దాటేదాన్ని. ఒక్క మనిషి కోసం అడుగు తగ్గించి ఎరగడు వాడు. చివరికి దేవుడు పిలిచినా వెనక ఎవరున్నారో చూసుకోలేదు" అని, కళ్లు తుడుచుకుని, కాఫీ అడిగేది.

ఊళ్లో పైపులు మార్చాలని పైవాళ్లకు ఎట్టకేలకు బుద్ధి పుట్టింది. ఎనభై ఏళ్ల కిందటి ఇనప పైపులు. లోపల తుప్పు గడ్డకట్టి, జానెడు పైపులో పిడికిలి పట్టేంత సందు కూడా లేదు. పంపుహౌసులో బయలుదేరిన నీళ్లలో మూడోవంతు దారిలో భూమే తాగేస్తోంది. కొత్త పైపులకు నిధులొచ్చాయి, వాటి వెనకే ఒక షరతు కూడా వచ్చింది. పని ఊరివాళ్లకే నేర్పాలి, ఊరివాళ్ల చేతే చేయించాలి. అలా నీళ్ల శాఖ పాత గోడౌనులో ఆరు నెలల శిక్షణ మొదలైంది. లీకులు పట్టడం, పైపులు అతకడం, మీటర్లు బిగించడం, వాననీళ్లు వృథా పోకుండా నేలలోకి ఇంకించడం. గోడ మీద 'పచ్చని ఉద్యోగాలు' అని పెద్ద బ్యానరు. నలభై అయిదేళ్ల లోపు వాళ్లే అర్హులు. గలగలకు నలభై నాలుగు.

"పచ్చని ఉద్యోగమంటే ఏంటే? చెట్లెక్కాలా?" అంది వదిన.

"కాదు వదినా. కారిపోయే నీళ్లని ఆపాలి."

"ఆయన పాతికేళ్లు చేసిన పనే కదా! అప్పుడు దానికి రంగు లేదేం?"

నిజానికి ఈమె చేరింది రంగు చూసి కాదు. ఆయన రోజంతా దేనికోసం తిరిగేవాడో, నేల కింద ఏం వినేవాడో, ఆ లోకంలోకి ఒకసారి వెళ్లి రావాలని. ఇంట్లో ఆయన వస్తువులన్నీ చూసి చూసి అరిగిపోయాయి. ఆయన పని ఒక్కటే ఇంకా తన చెయ్యి పడకుండా మిగిలింది.

శిక్షణ ఇచ్చే ఇంజినీరమ్మకు ముప్పై ఏళ్లుంటాయి. నడుముకు ఎప్పుడూ కొలిచే టేపు వేలాడుతుంది కాబట్టి అందరూ టేపు మేడమ్ అన్నారు. మొదటి వారంలోనే నేల మీద పెట్టి వినే యంత్రం చూపించింది. గలగల ఆ గొట్టాలు చెవులకు తగిలించుకుంది. కింద ఎక్కడో సన్నగా, ఆగకుండా, ఎవరో పక్కగదిలో గుసగుసలాడుతున్నట్టు నీళ్లు. ఆయన ఒక కర్రముక్క వాల్వు మీద ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. 'ఏం వినబడుతుంది?' అని అడిగితే 'నీలాంటిదే' అనేవాడు. ఆమె ఆ యంత్రం ఎంతసేపటికీ తీయలేదు. వెనక వరసలో ఉన్నవాళ్లు గొణిగారు. తీసినప్పుడు కళ్లు ఎర్రగా ఉన్నాయి, దుమ్ము పడిందని చెప్పింది.

నాలుగో నెలలో అసలు పని వచ్చింది. పంపుహౌసు వీధిలో పాత పైపు తీసి కొత్తది వేయాలి. ఆ వీధిలోనే గలగల ఇల్లు. పొద్దున కొళాయి తిప్పితే ముందు అరబిందె ఎర్రనీళ్లు, ఆ తర్వాతే తాగే నీళ్లు. పైపు కోయాలంటే ముందు ఆ వీధి మొదటి వాల్వు కట్టాలి. ఆ వాల్వేమో ఎక్కడుందో ఎవరికీ తెలియదు. దానికి పైనున్న వాల్వు కడితే సగం ఊరికీ, ఆసుపత్రికీ నీళ్లు బంద్. లోహం కనిపెట్టే యంత్రం తెచ్చారు గానీ, ఆ వీధి కింద ఏ కాలంలోనో పరిచిన ఇనప ఊచలున్నాయి, అడుగడుగునా అది కూస్తూనే ఉంది.

పెద్ద ఇంజినీరు వచ్చి చూశాడు. మనిషి చెడ్డవాడు కాదు, గడియారం వైపు చూస్తూ మాట్లాడే అలవాటు, అంతే. "శుక్రవారం సాయంత్రం దాకా చూడండి. దొరక్కపోతే ఈ విడతలో ఈ వీధి తీసేద్దాం. మిషన్లు పక్క వీధికి పోవాలి."

"మళ్లీ విడత ఎప్పుడు సార్?" అన్నాడు హెల్మెట్. హెల్మెట్ అంటే ఒక మనిషే. అంతకుముందు ఆటో నడిపేవాడు. శిక్షణలో టోపీ ఇచ్చిన రోజునుంచి అన్నం తినేటప్పుడు కూడా తీయడు.

"చెప్పలేం" అన్నాడు పెద్ద ఇంజినీరు. పెద్దవాళ్లు చెప్పలేం అంటే ఏమిటో ఆ వీధికి తెలుసు. ఎనభై ఏళ్లుగా వింటున్నారు.

ఆ సాయంత్రం గలగల ఇంటికి వెళ్లి పెట్టె అడుగునుంచి పుస్తకం తీసింది. అరచేయంత పుస్తకం, అట్ట మీద తుప్పు మరకలు. మరునాడు టేపు మేడమ్ చేతిలో పెట్టింది. అరవై వాల్వుల ఆనవాళ్లు. మొదటి నుంచి చాలా పేజీలు ఆయన నీలం సిరా రాత. చివరి కొన్ని పేజీలు పెన్సిలు, ఆ రాత గలగలది. ఆఖరి రెండేళ్లు శాఖలో హెల్పరు ఉద్యోగం తీసేశారు. వాల్వులు తిప్పే అయిదడుగుల కడ్డీ ఒక్కడే మోసుకు తిరుగుతున్నాడని ఈమె మిషను కట్టేసి వెంట వెళ్లేది. అప్పుడే పంపుహౌసు వీధి వెడల్పు చేశారు, పాత గుర్తులు పోయాయి. ఆయన మళ్లీ కొలిచాడు, ఈమె రాసింది. 'పంపుహౌసు వీధి మొదటిది. గోడ మూల నుంచి తూర్పుకు, గట్టు వెంబడి, 34 అంగలు. ఎడమకు తిప్పితే బంద్.'

"మీరే రాశారుగా అక్కా! ఎక్కడో గుర్తులేదా?" అంది టేపు మేడమ్.

గలగల నీళ్లు నమిలింది. "రోడ్డు రెండుసార్లు మారింది మేడమ్. అప్పటి దుకాణాల్లేవు, స్తంభాల్లేవు. ఆ రోజు నేనేం మాట్లాడుతున్నానో గుర్తుంది. ఎక్కడ నిలబడ్డానో గుర్తులేదు."

పెద్ద ఇంజినీరు పుస్తకాన్ని రెండు వేళ్లతో తిరగేశాడు. "అంగలు! ఇవి కాకిలెక్కలమ్మా. వీటిని నమ్మి రోడ్డు తవ్వమంటారా?"

కాకిలెక్కలన్న మాట ఆమెకు సూదిలా గుచ్చుకుంది. ఎండనకా వాననకా పాతికేళ్లు తిరిగి రాసుకున్న పుస్తకం. టేపు మేడమ్ మధ్యలో కల్పించుకుంది. ముందు నీలం సిరా పేజీల్లోని బజారు వాల్వుతో చూద్దాం, ఇది నిజమని తేలితే అరవై వాల్వులూ కొత్త పటంలోకి ఎక్కిద్దాం, తేలకపోతే సామాన్ల గదిలో పడేద్దాం అంది. గలగలకు ఆ క్షణాన వీధి నీళ్ల కంటే ఆ రెండో మాటే పెద్దదైపోయింది. పుస్తకం సామాన్ల గదికి వెళితే ఆయన రెండోసారి పోయినట్టే.

బజారు వాల్వు దగ్గర హెల్మెట్ హుషారుగా ముందుకొచ్చాడు. పుస్తకంలో నలభై అంటే నలభై అడుగులు లెక్కపెట్టి నడిచి, జెండా పాతినట్టు గునపం పాతాడు. మధ్యాహ్నం దాకా తవ్వారు. కొండను తవ్వితే ఎలుకైనా దొరుకుతుంది, అక్కడ అదీ దొరకలేదు.

"నీ కాళ్లతో నడిస్తే ఎలా తమ్ముడూ? అవి ఆయన అంగలు" అంది గలగల.

"ఆయన కాళ్లు ఎక్కణ్నుంచి తేను అక్కా?" అన్నాడు హెల్మెట్. అన్నాక నాలుక్కరుచుకున్నాడు.

ఆమె కోప్పడలేదు. నిజమే, ఎక్కణ్నుంచి తేవాలి? ఇంటికి నడుస్తుంటే తట్టింది. 'మన గుమ్మం నుంచి వీధి కొళాయికి సరిగ్గా పది అంగలు' అని ఆయన ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. ఆ కొళాయి అక్కడే ఉంది, గుమ్మమూ అక్కడే ఉంది. ఆమె కుట్టుపని టేపు తీసి గుమ్మం దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. ఆ టేపు పొడవు మనిషి ఛాతీకి సరిపోయేంతే. జరుపుకుంటూ, ఛాక్‌పీసుతో గుర్తు పెట్టుకుంటూ, వీధిలో పాకుతూ వెళ్లింది.

"ఏం కుడుతున్నావే? రోడ్డుకి చొక్కానా?" అంది గుమ్మంలో కూర్చున్న వదిన.

ఎనిమిది మీటర్లు. పదో వంతు ఎనభై సెంటీమీటర్లు. ఆమె ఆ టేపు మీద ఎనభై దగ్గర బొటనవేలితో నొక్కి పట్టుకుని అలాగే చూస్తూ కూర్చుంది. ఇదీ ఆయన అంగ. ఇరవై రెండేళ్లు తను అందుకోలేకపోయింది ఇంతే దూరం.

ఆ రాత్రికి నడవా అంతా ఛాక్‌పీసు గీతలే. ఎనభైకి ఒకటి చొప్పున. ఆమె చీర కుచ్చెళ్లు ఎగదోపి ఒక గీత నుంచి ఇంకో గీతకు కాలు చాపింది. రెండు అంగలకు నడుం పట్టేసింది. మూడోదానికి గోడ పట్టుకుంది. అయినా మానలేదు. ఆయన కాలు పడేచోట తన కాలు పడుతుంటే ఏదో తెలియని తృప్తి, దాని వెనకే ఏడుపు. ఇన్నాళ్లకు పక్కన నడుస్తున్నట్టుంది, తల తిప్పితే పక్కన లేడు. టేపు మేడమ్ దగ్గర మంచి స్టీలు టేపు ఉంది, ఇలా కాళ్లు చాపాల్సిన పనే లేదు. ఆ సంగతి గలగలకు తెలియక కాదు.

ఎనభైతో గుణిస్తే బజారు వాల్వు ముప్పై రెండు మీటర్ల దగ్గర దొరికింది. మూత మీద జానెడు తారు, కింద చెక్కుచెదరని వాల్వు. బడి దగ్గరి వాల్వూ దొరికింది. హెల్మెట్ ఈలేశాడు. టేపు మేడమ్ పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకోవడం మొదలుపెట్టింది. పెద్ద ఇంజినీరుకు ఫోను చేసి, "సార్, కాకి లెక్క సరిగ్గానే వేసింది" అంది.

గురువారం పంపుహౌసు వీధికి వచ్చారు. పంపుహౌసు గోడ మూల నుంచి ముప్పై నాలుగు అంగలు, అంటే ఇరవై ఏడు మీటర్లు దాటి జానెడు. తారు కోశారు, తవ్వారు. ఏం లేదు. అటు ఒక మీటరు, ఇటు ఒక మీటరు తవ్వారు. పైపు కనిపించింది, ఎర్రగా, పొక్కులు పొక్కులుగా. వాల్వు మాత్రం లేదు. పెద్ద ఇంజినీరు గుంత అంచున నిలబడి గడియారం చూసుకున్నాడు. "రెండు దొరికాయి కదాని అన్నీ దొరకాలని లేదు. చివరి పేజీలు ఎవరు రాశారో, ఎలా రాశారో. రేపు సాయంత్రం మిషన్లు తీసేస్తాం."

చివరి పేజీలు రాసింది తనే. తప్పు ఆయన కొలతలో లేదు, తన రాతలోనే ఉండి ఉంటుందని ఆమెకు భయం పట్టుకుంది. వాగుడులో పడి నలభై నాలుగును ముప్పై నాలుగని రాసిందేమో! ఆయన పాతికేళ్ల పుస్తకాన్ని తన నోరే పాడుచేసిందేమో! ఆ రాత్రి ఇంట్లో మాట లేదు. వదిన రెండుసార్లు తొంగి చూసింది. పైపులో గాలి చేరింది.

శుక్రవారం పొద్దున వదిన చెప్పులేసుకుని తయారుగా నిలబడింది. "నేనూ వస్తా. మా తమ్ముడి లెక్క తప్పన్నవాడి మొహం చూడాలి."

"నీ మోకాళ్లతోనా వదినా?"

"మోకాళ్లు చూడ్డానికి రావట్లేదు, నేనొస్తున్నా."

వదిన ఆమె భుజం పట్టుకుంది. ఇద్దరూ వీధి వెంట బయలుదేరారు. మౌనంగా నడవడం గలగలకు చేతకాదు, నాలుగిళ్లు దాటగానే నోరు దానంతటదే తెరుచుకుంది. గుంత సంగతి, గడియారం సంగతి, తన రాత సంగతి చెబుతూ నడిచింది. వదిన ఊఁ కొడుతూ నడిచింది. పంపుహౌసు గోడ కనబడింది.

"అప్పుడే వచ్చేశామా? నీతో నడిస్తే ఆయాసమే రాదే" అంది వదిన. "నా అడుగుకు అడుగేసి నడుస్తావు. మా తమ్ముడైతేనా, ఈపాటికి వాడు అక్కడుండేవాడు, మనం ఇక్కడుండేవాళ్లం. నువ్వు కబుర్లు చెప్పుకోవాలంటే ఆ గోడకు చెప్పుకోవడమే."

"లేదు వదినా, ఆయనతో చెప్పేదాన్నిగా. ఈ వీధిలోనే. కొలిచేటప్పుడు పొడుగునా చెబుతూనే ఉన్నా, ఆయన ఊఁ ఊఁ అంటూ..."

గలగల రోడ్డు మధ్యలో నిలబడిపోయింది.

"ఏమైందే?"

"ఊఁ ఊఁ అన్నాడు వదినా. నా పక్కన."

"అయితే?"

"పక్కన! పదడుగుల ముందునుంచి కాదు. ఆ రెండేళ్లూ నేను కేకేయలేదు. ఆగమని ఒక్కసారి కూడా అనలేదు. నాకు ఆయాసం వచ్చినట్టే గుర్తులేదు."

ఇరవై ఏళ్లు రోజూ తిట్టిన తిట్టు ఎప్పుడు ఆగిపోయిందో ఆమెకు తెలియలేదు. నొప్పి ఉన్నప్పుడు తెలుస్తుంది గానీ పోయినప్పుడు ఎవరికి తెలుస్తుంది? కడ్డీ ఒక కొస ఆయన భుజాన, ఒక కొస తన భుజాన. రెండు భుజాల మధ్య కడ్డీ ఊగకుండా ఉండాలంటే ఒకరి అడుగు ఇంకొకరికి కలవాలి. తను అంగలు చాచిన గుర్తు లేదు. మరి తగ్గించింది ఎవరు?

వదినకు మెల్లగా అర్థమైంది. గొంతు తగ్గించి, "నాకోసం తగ్గించలేదు వెధవ" అంది. ఆ మాటలో ఫిర్యాదు లేదు.

గలగల వదినను పంపుహౌసు గోడ నీడన కూర్చోబెట్టి, టేపు మేడమ్ దగ్గరికి వెళ్లింది. "మేడమ్, ఈసారి ఎనభై వద్దు. నన్ను నడవనివ్వండి. నా నడక."

"మీ అంగ ఎంతక్కా?"

"తెలీదు. నడిస్తే తెలుస్తుంది."

గోడ మూలకు వీపు ఆనించి బయలుదేరింది. చూసుకుంటూ నడిస్తే అడుగు పెద్దదవుతుందని భయం. ఎటో చూస్తూ నడిచింది. హెల్మెట్ పక్కనే లెక్కపెట్టాడు. ముప్పై నాలుగు దగ్గర ఆగింది. నిన్నటి గుంత ఇంకా ఏడు మీటర్ల అవతలే ఉంది. టేపు మేడమ్ కొలిచింది. ఇరవై మీటర్లు దాటి కొంచెం, అంగ అరవై సెంటీమీటర్లు. మొదటి రోజే ఈమె మామూలుగా నడిచి ఉంటే ఇంత తంటా ఉండేది కాదు. ఆయన అంగ కోసం అంత తపించకపోతే ఎప్పుడో దొరికేది.

తారు కోశారు. కంకర తీశారు. మూరెడు లోతులో హెల్మెట్ గునపం ఖంగుమంది. చేత్తో మట్టి తోస్తే గుండ్రటి ఇనప మూత అంచు కనిపించింది. వీధిలో జనం ఒక్కసారి గోల చేశారు. గలగల గుంత అంచున కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. వాల్వు దొరికినందుకు ఎవరైనా అలా ఏడుస్తారా అని చూసేవాళ్లు అనుకుని ఉంటారు. ఆయన తనతోపాటు నడిచాడు. రెండేళ్లు. ఒక్క మాట చెప్పలేదు, మెహర్బానీ చూపించలేదు, 'చూశావా ఆగుతున్నా' అనలేదు. ఒక్కసారి చెప్పి ఉంటే ఆ రెండేళ్లూ ఎంత ఇష్టంగా నడిచేదో! చెప్పి ఉంటే ఇప్పుడు ఇంత దుఃఖం ఉండేది కాదు. ఉండేదేమో కూడా.

కాంట్రాక్టరు మనిషి కడ్డీ దించి, అన్ని వాల్వుల్లాగే కుడివైపుకు బలంగా తిప్పబోయాడు. గలగల కళ్లు తుడుచుకోకుండానే అరిచింది. "ఎడమకు! పుస్తకంలో ఎడమకు అని ఉంది, విరగ్గొట్టకు!" ఎడమకు తిప్పితే మొండికేసి, మూలిగి, కదిలింది. పద్నాలుగు చుట్లకు వీధిలో కొళాయిలన్నీ ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. పెద్ద ఇంజినీరు ఈసారి గడియారం చూసుకోలేదు. పుస్తకం అడిగి తీసుకుని, నిలబడే ఆ పెన్సిలు పేజీ చదివాడు. "చివరి పేజీలన్నీ అరవైతో కొలవండి, మిగతావి ఎనభైతో" అన్నాడు టేపు మేడమ్‌తో. "పటంలో అన్నీ ఎక్కించండి."

టేపు మేడమ్ పలకలాంటి ఫోను తీసింది. "రికార్డు కోసం ఇంకొక్కసారి నడుస్తారా అక్కా? వీడియో తీస్తాను. కొలత ఎవరిదని రాయమంటారు?"

"మా ఇద్దరిదీ" అంది గలగల.

మళ్లీ గోడ మూల దగ్గరికి వెళ్లింది. ఆ రోజు ఇక్కడ ఏం మాట్లాడుతోందో ఆమెకు బాగా గుర్తుంది. ఒకాయన చొక్కా వదులు చేయమని తెచ్చాడు. చేసి ఇచ్చింది. ఇంకా బిగుతుగా ఉందని మళ్లీ తెచ్చాడు. మూడోసారి వచ్చాడు, వచ్చి... సరిగ్గా అక్కడ ఆయన "ముప్పై నాలుగు. రాసుకో" అన్నాడు. "నా మాట వింటున్నారా, లెక్కపెడుతున్నారా?" అని ఈమె విసుక్కుంది. "రెండూ" అన్నాడు ఆయన. పెన్సిలు తీయడం, రాయడం, వాల్వు తిప్పడం, ఆ హడావుడిలో కథ మిగిలిపోయింది. ఇంటికెళ్లాక ఇద్దరూ మరిచిపోయారు.

ఆమె నడవడం మొదలుపెట్టింది. ఎడమ భుజం కొంచెం దించి, అక్కడ కడ్డీ కొస ఉన్నట్టే. ముందునుంచి చెప్పింది, పైకే, ఎవరు విన్నా సరేనని. ఒకాయన చొక్కా తెచ్చాడండీ. వదులు చేశాను. మళ్లీ తెచ్చాడు. టేపు మేడమ్ ఫోను పట్టుకుని వెనక నడుస్తోంది. గోడ నీడలో వదిన మెడ చాపి చూస్తోంది. మూడోసారి వచ్చాడు, వచ్చి... ముప్పై నాలుగో అడుగు వాల్వు అంచున పడింది. ఆమె ఆగింది. ఈసారి రాసుకోమని ఎవరూ అనలేదు.

"ఆ చొక్కా అసలు ఆయనది కాదటండీ" అంది. "వాళ్ల తమ్ముడిదట."